మరపడవల రొద – చేపల బ్రతుకు

సముద్రగర్భము నిశ్శబ్దముగా నుండునని చాలామంది తలంతురు. ఇది సరికాదు. పొడవైన గొట్టమును నీటిలో ముంచి, పై కొనవద్ద చెవి పెట్టినచో దూరమందున్న ఓడల చప్పుడు వినవచ్చునని 15వ శతాబ్దము చివరనే లియొనార్డో డావిన్సీ వ్రాసియుంచెను.

గాలిలో శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. నీటిలో దాని వేగమును 1826లో జెనీవా సరస్సుపై కొల్లడాన్, స్టర్మ్ అను శాస్త్రజ్ఞులు కొలిచిరి. ఒక పడవవద్ద నీటిలో గంట కొట్టి, అదే క్షణమున తుపాకిమందు వెలిగించిరి. దూరముననున్న మరొక పడవలో మెరుపు కనిపించినది మొదలు గంట వినిపించువరకు పట్టిన కాలమును లెక్కించిరి. వేగము సెకనుకు 1,435 మీటర్లని తేలెను. ఉప్పునీటిలో ఇది సుమారు 1,500 మీటర్లు.

కాంతి సంగతి వేరు. స్వచ్ఛమైన సముద్రములో సైతము 200 మీటర్ల దిగువ దాదాపు చీకటియే. కాబట్టి అనేక జలచరములు జతను వెదకుటకు, శత్రువును పసిగట్టుటకు ధ్వనిపై ఆధారపడును.

చేపకు బయటికి కనిపించు చెవి లేదు గదా, అది ఎట్లు వినును? చేప దేహపు సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతకు సమానము. అందుచేత ధ్వనితరంగము వచ్చినపుడు నీటితోపాటు దేహమును కంపించును. కాని లోపలిచెవిలో ‘ఓటోలిత్’ అను చిన్న రాయి కలదు. అది బరువైనది, కదలికలో వెనుకబడును. ఆ తేడావలన దానిక్రింది సూక్ష్మరోమములు వంగి, మెదడుకు వార్త నందించును.

ఇక మరపడవ రొద కేవలము ఇంజనుది కాదు. పీడనము తగ్గినచో నీరు తక్కువ ఉష్ణోగ్రతవద్దనే మరగునని విద్యార్థు లెరుగుదురు. వడిగా తిరుగు చక్రపు రెక్కలవద్ద పీడనము మిక్కిలి తగ్గి, చల్లని నీటిలోనే ఆవిరి బుడగలు పుట్టును. అవి మరుక్షణమే చితికిపోవునపుడు పెద్ద చప్పుడగును.

దీని ఫలిత మేమి? ఆస్ట్రేలియాలోని లిజర్డ్ దీవివద్ద, పగడపు దిబ్బలలో నివసించు అంబాన్ డామ్సెల్ అను చిన్న చేపలపై చేసిన పరిశోధన 2016లో వెలువడినది. పడవల రొదలో వాటి ప్రాణవాయు వినియోగము పెరిగెను. శత్రువు మీదికి వచ్చినపుడు చప్పున తప్పించుకొనలేకపోయెను. పడవలు తిరుగుచున్నపుడు వేటచేప రెండింతలకు పైగా పిల్లలను మ్రింగెను.

అక్కడనే స్పైనీ క్రోమిస్ అను మరొక జాతి కలదు. తల్లిదండ్రులు రెక్కలతో విసరి గ్రుడ్లకు ప్రాణవాయువు నందించును. పిల్లలను వెంటనుండి కాపాడును. కొన్ని దిబ్బలవద్ద పడవలను దూరముగా నడిపి, సమీపమున వేగము తగ్గించి చూచిరి. 2022లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, సంతానఋతువు ముగియునాటికి ఇట్టి దిబ్బలలో 65 శాతము గూళ్ళలో పిల్లలు మిగిలినవి. పడవల రద్దీగల దిబ్బలలో 40 శాతము మాత్రమే.

ఇంజను రకమునుబట్టియు ఫలితము మారును. టూ-స్ట్రోక్ ఇంజను కలిగించినంత బాధ ఫోర్-స్ట్రోక్ ఇంజను కలిగించదని 2018 నాటి మరొక పరిశోధన తెలిపినది.

ఈ అంకెలు ఆ జాతులకు, ఆ దిబ్బలకు చెందినవి. మన తీరపు చేపలకు వీనిని ఉన్నవున్నట్లు అన్వయింపరాదు. బెస్తవానికి మరపడవ జీవనాధారము. దానిని మానుమనుట పరిష్కారము కాదు. అయితే ఒక్క విషయము గమనింపదగినది. సముద్రములో ఒలికిన నూనె చాలకాలము నిలుచును. సముద్రజలము వేడెక్కుటను ఏ ఒక్క గ్రామమూ ఆపలేదు. రొద అట్టిది కాదు. ఇంజను ఆగిన క్షణమే అదియు ఆగును. చేపలు గ్రుడ్లుపెట్టు తావులను గుర్తించి, ఆ కాలమున కొంచెము ఎడముగా, మెల్లగా పడవ నడుపుట మానవునికి సాధ్యమైన పనియే.