మీ చిరునామా పదిలమేనా?

పెళ్లి శుభలేఖ, సంక్రాంతి శుభాకాంక్షలు, అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు, పిల్లల స్కూలు మీటింగు కబురు... ఏదైనా సరే, ఇప్పుడు కూర్చున్నచోటి నుంచే వందమందికి ఒక్కసారిగా ఈమెయిల్ పంపేస్తున్నాం. స్టాంపులు అంటించే పని లేదు, పోస్టుమేన్ కోసం ఎదురుచూపుల్లేవు. బాగానే ఉంది. కానీ ఆ ఉత్తరంతో పాటు ఇంకేం వెళ్తోందో ఎప్పుడైనా గమనించారా? పైన వరసగా వందమంది చిరునామాలు! ఎవరిది ఏదో అందరికీ కనబడిపోతూ ఉంటుంది. ‘‘దాందేముంది, అందరూ మనవాళ్లేగా!’’ అంటారు చాలామంది. నిజంగా అందరూ మనవాళ్లేనా?

మా కాలేజీ పాత విద్యార్థినుల సంఘం తరఫున ఉత్తరాలు పంపే పని కొన్నేళ్లుగా నేనే చూస్తున్నాను. సుమారు మూడొందల మంది చిరునామాలు నా దగ్గరున్నాయి. నమ్మి ఇచ్చినవి అవి. ఊరెళ్తూ పక్కింటావిడ మనింట్లో దాచమని నగ ఇచ్చిందనుకోండి, పేరంటానికొచ్చిన వాళ్లందరికీ తీసి చూపిస్తామా? చిరునామా కూడా అలాంటిదేనని నా అభిప్రాయం.

ఒక్క ఉత్తరం చాలు

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి భర్త వేధింపులు భరించలేక విడిపోయింది. ఫోన్ నంబరు మార్చుకుంది. కొత్త ఈమెయిల్ తెరిచి బాగా కావలసిన పదిమందికే ఇచ్చింది. ఆ పదిమందిలో ఒకావిడ తమ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి రమ్మంటూ తెలిసినవాళ్లందరినీ కలిపి ఒకే మెయిల్ పంపారు. ఆ వరసలో మా స్నేహితురాలి కొత్త చిరునామా ఉంది. ఆమె మాజీ భర్త తరఫు చుట్టానిదీ ఉంది. వారం తిరక్కుండానే అతని నుంచి బెదిరింపు ఉత్తరాలు మొదలయ్యాయి. మళ్లీ కొత్త చిరునామా పెట్టుకుని బ్యాంకులో, ఆఫీసులో, పిల్లాడి స్కూల్లో మార్పించుకునేసరికి ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది. పిలిచినావిడకు ఏ దురుద్దేశమూ లేదు. చిరునామాలు ఒక గడిలో రాయాల్సింది ఇంకో గడిలో రాశారు, అంతే.

పెద్ద పెద్ద సంస్థలకే ఇది తప్పలేదు. 2015 సెప్టెంబరులో లండన్‌లోని ‘56 డీన్ స్ట్రీట్’ అనే క్లినిక్, హెచ్‌ఐవీ సేవలకు సంబంధించిన వార్తాలేఖను 781 మందికి పంపింది. చిరునామాలన్నీ అందరికీ కనబడ్డాయి. వాటిలో 730 చిరునామాల్లో పూర్తి పేర్లున్నాయి. జాబితాలో హెచ్‌ఐవీ లేనివాళ్లూ కొందరున్నారు. అయితేనేం, లోకం అంత విచారించి మాట్లాడుతుందా? ఆ క్లినిక్‌ను నడిపే సంస్థకు మరుసటి ఏడాది 1,80,000 పౌండ్ల జరిమానా పడింది.

2021 సెప్టెంబరులో బ్రిటన్ రక్షణ శాఖ కూడా ఇదే పని చేసింది. తాలిబన్ల నుంచి తప్పించుకోవాలని చూస్తున్న 245 మంది అఫ్గాన్ల చిరునామాలు ఒకే మెయిల్‌లో బయటపడ్డాయి. కొందరి ఫొటోలు కూడా కనిపించాయి. ప్రాణాలతో చెలగాటం కాదా ఇది? 2023 డిసెంబరులో ఆ శాఖకు 3,50,000 పౌండ్ల జరిమానా విధించారు.

గడులు మూడు

మెయిల్ రాసేటప్పుడు చిరునామాలకు మూడు గడులుంటాయి. ‘టూ’ అంటే ఎవరికి రాస్తున్నామో వాళ్లు. ‘సీసీ’ అంటే కార్బన్ కాపీ. టైపు మిషన్ల రోజుల్లో కాగితాల మధ్య కార్బన్ పెట్టి నకలు తీసేవారే, ఆ మాటే ఇక్కడికీ వచ్చింది. ఈ రెంటిలో రాసిన చిరునామాలు అందరికీ కనబడతాయి. మూడోది ‘బీసీసీ’. గుట్టుగా పంపే నకలన్నమాట. ఇందులో రాస్తే ఉత్తరం అందరికీ అందుతుంది, ఒకరి చిరునామా ఇంకొకరికి తెలీదు.

కాబట్టి ఒకరికొకరు తెలియని పదిమందికి రాస్తున్నప్పుడు ‘టూ’లో మీ సొంత చిరునామా వేసుకుని, మిగతావన్నీ ‘బీసీసీ’లో పెట్టండి. ఫోన్‌లో ఆ గడి కనబడలేదా? ‘టూ’ పక్కనున్న చిన్న బాణం గుర్తును నొక్కితే తెరుచుకుంటుంది.

ఈ మర్యాదలు పాటిద్దాం

• వచ్చిన మెయిల్‌ను ఇంకొకరికి పంపుతున్నారా? కిందనున్న పాత పేర్లూ, చిరునామాలూ చెరిపేశాకే పంపండి.

• ‘రిప్లై ఆల్’ నొక్కేముందు ఒక్క క్షణం ఆగండి. 2016 నవంబరులో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవల్లో పరీక్ష కోసం పంపిన ఒక మెయిల్, పొరపాటున 8 లక్షల మందికి పైగా ఉద్యోగులకు చేరింది. ‘నాకెందుకు పంపారు?’, ‘నా పేరు తీసేయండి’ అంటూ కొందరు అందరికీ జవాబులిచ్చారు. ఆ జవాబులకు మళ్లీ జవాబులు! మెయిళ్ల వ్యవస్థే నత్తనడక నడిచింది.

• కొత్తవారి పేరు జాబితాలో చేర్చేముందు వాళ్లను అడగండి. ఎవరైనా తీసేయమంటే ఎందుకని ఆరా తీయకుండా తీసేయండి.

• సంఘం కోసం సేకరించిన చిరునామాలను చీరల వ్యాపారం చేసే వదినకో, బీమా ఏజెంటు మరిదికో ఇవ్వకండి. మొహమాటం అనిపించినా ‘కుదరదు’ అనే చెప్పండి. నేనైతే అలాగే చెబుతాను.

చెత్త ఎలా వస్తుంది?

అడగకుండా వచ్చిపడే మెయిళ్లను స్పామ్ అంటారు. ఇది కొత్తదేం కాదు. 1978 మేలోనే అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి తమ సరుకు చూడ్డానికి రమ్మంటూ దాదాపు 400 మందికి ఒకేసారి సందేశం పంపాడు. 1994లో ఇద్దరు లాయర్లు గ్రీన్‌కార్డు లాటరీ పేరుతో ఇంటర్నెట్ చర్చావేదికలన్నిటినీ ప్రకటనలతో నింపేశారు. గ్రీన్‌కార్డు ఆశ చూపించే మెయిళ్లు మన పిల్లలకు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి కదూ!

వాళ్లకు మన చిరునామా ఎలా దొరుకుతుంది? వెబ్‌సైట్లలో బహిరంగంగా ఉన్న చిరునామాలను ఏరుకుంటూ తిరిగే ప్రోగ్రాములున్నాయి. కంపెనీల నుంచి దొంగిలించిన జాబితాలను అమ్ముకునేవాళ్లున్నారు. వందమంది పేర్లతో వెళ్లిన మీ శుభాకాంక్షల మెయిల్ కూడా పనికొస్తుంది. ఆ వందమందిలో ఒక్కరి కంప్యూటర్‌లో వైరస్ చేరితే చాలు, అది మిగతా తొంభై తొమ్మిది చిరునామాలనూ ఊడ్చుకుపోగలదు.

ఇలా జాగ్రత్తపడండి

• రెండు చిరునామాలు పెట్టుకోండి. ఒకటి బ్యాంకుకీ, కావలసినవాళ్లకీ. రెండోది ఆన్‌లైన్ కొనుగోళ్లకీ, బట్టల షాపులో నింపమనే లక్కీ డ్రా చీటీలకీ.

• జీమెయిల్ ఉన్నవారికి ఇంకో చిట్కా. మీ పేరు తర్వాత, ‘ఎట్’ గుర్తుకు ముందు, ప్లస్ గుర్తు వేసి ‘షాపింగ్’ అని చేర్చి ఇవ్వండి. మెయిల్ మీకే వస్తుంది. ఆ చిరునామాకు చెత్త మొదలైతే ఎక్కడి నుంచి పొక్కిందో తెలిసిపోతుంది.

• తెలిసిన దుకాణం మెయిళ్లు వద్దనుకుంటే ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కండి. పెద్దఎత్తున మెయిళ్లు పంపేవారు ఒక్క నొక్కుతో ఆపుకునే వీలివ్వాలని గూగుల్, యాహూ 2024 నుంచి నిబంధన పెట్టాయి. ఊరూ పేరూ తెలియనివాళ్ల మెయిల్ అయితే దేన్నీ నొక్కకండి, జవాబూ ఇవ్వకండి. ఈ చిరునామాలో మనిషి ఉందని వాళ్లకు మీరే చెప్పినట్టవుతుంది. ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కి ఊరుకోండి.

• మెయిల్‌లోని బొమ్మలు వాటంతటవే తెరుచుకోకుండా సెట్టింగ్స్‌లో మార్చుకోండి. బొమ్మ తెరుచుకుంటే మీరు మెయిల్ చూశారన్న సంగతి అవతలివారికి తెలిసే వీలుంది.

• ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరడిగినా మెయిల్‌లో రాయొద్దు. మోసంలో డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకండి. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు అంత దూరం పోకుండా ఆపే అవకాశం ఉంటుంది.

ఇన్ని జాగ్రత్తలు మనమొక్కరమే తీసుకున్నా చాలదు. మన చిరునామా ఎంతోమంది ఫోన్లలో ఉంది. వాళ్లది మన ఫోన్‌లో ఉంది. ఒకరిది ఒకరు కాపాడుకోవాల్సిందే. ఈసారి ఎవరైనా అందరి చిరునామాలూ కనబడేలా మెయిల్ పంపితే, ‘బీసీసీ’ గురించి నాలుగు మంచిమాటలతో చెప్పండి. ఆవిడ ఒక్కరికే సుమా, అందరికీ కాదు!