పోయిన భయం మళ్లీ ఎందుకొస్తుంది?

“వైద్యంతో తగ్గింది, మళ్లీ మొదలైంది. అంటే చేయించుకున్నదంతా దండగేనా?” భయానికో ఆందోళనకో చికిత్స తీసుకున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. దండగ కాదు. ఎందుకో తెలియాలంటే వందేళ్ల కిందటి పీటర్ అనే పిల్లాడి సంగతి చెప్పుకోవాలి.

వాడికి మూడేళ్లు నిండబోతున్నాయి. కుందేలన్నా, తెల్లెలుకన్నా, ఆఖరికి దూదన్నా హడలిపోయేవాడు. అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త, భయంలేని పిల్లల మధ్య ఆడిస్తూ వాడికి కుందేలును అలవాటు చేయసాగారు. బాగానే కుదురుకుంటున్నాడు. ఇంతలో స్కార్లెట్ ఫీవర్ వచ్చి ఆసుపత్రి పాలయ్యాడు. అక్కణ్ణించి బయటికొచ్చి నర్సుతో టాక్సీ ఎక్కుతుంటే, పెద్ద కుక్కొకటి మీదికి దూకింది. అంతే, కుందేలు భయం మొదటికొచ్చింది. కుక్క దూకితే కుందేలేం చేసిందని అడక్కండి, భయానికి అంత తర్కం ఉండదు.

జోన్స్ ఈసారి వాణ్ణి ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైన తిండి పెట్టారు. తింటున్నంతసేపూ, వాడు ఏడవనంత దూరంలో కుందేలు బోను ఉండేది. రోజులు గడిచేకొద్దీ దాన్ని దగ్గరికి జరిపారు. చివరికి కుందేలు వేళ్లు కొరుకుతున్నా ఊరుకునేవాడు. 1924లో ఆమె ఈ వివరాలు ప్రచురించారు.

మరి మధ్యలో తగ్గిన భయం ఎక్కడ దాక్కుంది? దీనికి జవాబు చాలాకాలం తర్వాత ఎలుకలతో దొరికింది. ఒక పెట్టెలో శబ్దం వినిపించి వెంటనే షాక్ ఇస్తే, ఎలుక ఆ శబ్దానికి భయపడటం నేర్చుకుంటుంది. ఇంకో పెట్టెలో షాక్ లేకుండా అదే శబ్దాన్ని పదేపదే వినిపిస్తే భయం తగ్గుతుంది. తిరిగి మొదటి పెట్టెలో వేసి వినిపిస్తే మళ్లీ బిగుసుకుపోతుంది. మార్క్ బౌటన్ అనే మనస్తత్వవేత్త ఇలాంటి ప్రయోగాలతో తేల్చిందేమంటే, పాత పాఠం చెరగదు. ‘ఇక్కడ ఫర్వాలేదు’ అన్న కొత్త పాఠం దాని పక్కన చేరుతుంది. పాతది ఎక్కడైనా పనిచేస్తుంది. కొత్తది మాత్రం నేర్చుకున్న చోటును పట్టుకుని ఉంటుంది. మెదడులో బాదంగింజంత ఉండే అమిగ్డలా ప్రమాదాన్ని గుర్తుపెట్టుకుంటే, నుదుటి వెనక భాగం దాన్ని అదుపులో పెడుతుంది. ‘ఇప్పుడెక్కడున్నాం’ అన్న సమాచారం హిప్పోకాంపస్ అనే మెదడు భాగం నుంచి అందుతుంది. పాత పాఠం చెరగకపోవడం ప్రాణం నిలబెట్టుకునే లెక్కలో సబబైన ఏర్పాటే.

పాత పాఠాన్ని చెరిపేయలేమా? 2000లో కరీమ్ నాడర్, జోసెఫ్ లెడూ అనే పరిశోధకుల బృందం ఎలుకకు భయం గుర్తుచేసి, వెంటనే అమిగ్డలాలోకి ప్రొటీన్ల తయారీని ఆపే మందు ఎక్కించింది. మర్నాటికి భయం బాగా తగ్గింది. ఆ మందు మనుషులకు పనికిరాదు. బదులుగా వాడిచూసిన ప్రొప్రనొలాల్ అనే మందుతో ఒకచోట వచ్చిన ఫలితం ఇంకోచోట రాలేదు. కాబట్టి చెరిపే మందు కోసం కాచుక్కూర్చోవడం, నా దృష్టిలో, కాలయాపనే.

చేయాల్సింది కొత్త పాఠాన్ని బలపరచడం. లిఫ్టంటే భయమైతే ఒకే లిఫ్టులో సాధన చేస్తే చాలదు. ఆఫీసులో, ఆసుపత్రిలో, తోడుతో, ఒంటరిగా, రకరకాలుగా ఎక్కాలి. మెట్లెక్కి తప్పించుకున్న ప్రతిసారీ భయానికే బలం చేకూరుతుంది. ఈ సాధన మానసిక నిపుణుల పర్యవేక్షణలో చేస్తే మేలు. డాక్టరు మందులు రాస్తే మీ అంతట మీరు మానకండి. ఎవరిని అడగాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.