విద్యుత్తుతో రసం తీయటం

చేవెళ్ల, మొయినాబాద్ పొలాల్లో క్యారెట్, బీట్‌రూట్, టమాటా పండిస్తారు. పంటంతా ఒక్కసారే మార్కెట్‌కు వచ్చి ధర పడిపోతే రైతుకు కోత కూలి కూడా గిట్టదు. రసం తీసి నిల్వ చేస్తే నష్టం కొంత తగ్గుతుంది. కాని ఎంత గట్టిగా పిండినా కొంత రసం పిప్పిలోనే ఉండిపోతుంది. ఎందుచేత?

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. బీట్‌రూట్ ముక్కలను రంగు కారటం తగ్గేదాకా కడగండి. కొన్నిటిని చల్లని నీళ్ల గ్లాసులోను, కొన్నిటిని పెద్దవాళ్ల సహాయంతో వేడినీళ్ల గ్లాసులోను వేయండి. పది నిమిషాల తరువాత చల్లని నీరు కొద్దిగా మాత్రమే ఎర్రబడుతుంది. వేడినీరు ముదురు ఎరుపు రంగుకు తిరుగుతుంది.

దుంపలోని రసం కణాల లోపల ఉంటుంది. కణత్వచం అనే పలుచని పొర దానిని బయటికి పోనివ్వదు. ఈ పొర మందం మిల్లీమీటరులో లక్షవ వంతుకు మించదు. వేడి తగిలితే పొర చెడి, రంగు బయటికి వస్తుంది. అయితే వేడికి రుచీ వాసనా మారతాయి.

వేడి చేయకుండానే పొరకు రంధ్రాలు పెట్టవచ్చు. ముక్కలను రెండు లోహపు పలకల మధ్య ఉంచి, సెంటీమీటరుకు సుమారు 1,000 వోల్టుల చొప్పున విద్యుత్ పల్స్‌లు పంపుతారు. ఒక్కొక్క పల్స్ ఉండేది కొన్ని మైక్రోసెకన్లే. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలవ వంతు.

ఇప్పుడు లెక్క చూద్దాం. కణం వెడల్పు 0.1 మిల్లీమీటరు అనుకుందాం. దాని వంతుకు 10 వోల్టులు వస్తాయి. కణంలోని ద్రవం విద్యుత్ వాహకం, పొర బంధకం. అందుచేత ఆ వోల్టేజి అంతా పొర మీదే పడుతుంది. పొర తట్టుకోగలిగింది సుమారు 1 వోల్టు! టార్చిలైటు బ్యాటరీ ఇచ్చే 1.5 వోల్టుల కంటే అది తక్కువ. పొరకు రంధ్రాలు పడతాయి. తరువాత పిండితే రసం సులభంగా దిగుతుంది.

కిలో దుంపలను 25 డిగ్రీల నుంచి 75 డిగ్రీల దాకా వేడి చేయటానికి సుమారు 200 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఈ పద్ధతిలో సాధారణంగా 10 కిలోజౌళ్ల లోపే సరిపోతుంది. ఆపిల్ గుజ్జు నుంచి ఇలా 10-12 శాతం ఎక్కువ రసం వచ్చిందని సోవియట్ శాస్త్రజ్ఞుడు ఫ్లౌమెన్‌బౌమ్ 1968లోనే తెలిపాడు. నేడు ఐరోపాలో చిప్స్ తయారుచేసే కర్మాగారాలు బంగాళాదుంపలను సులభంగా కోయటానికి ఈ పల్స్‌లనే వాడుతున్నాయి.

మరి రసంలోని సూక్ష్మజీవులు చస్తాయా? చావవు. బాక్టీరియా వెడల్పు మొక్క కణంలో సుమారు వందవ వంతు. కనుక దాని వంతుకు వచ్చేది 0.1 వోల్టే! వాటిని చంపాలంటే సెంటీమీటరుకు 20,000 వోల్టులకు పైగా కావలసి వస్తుంది. లేదా రసాన్ని వేరే విధంగా శుద్ధి చేయాలి.

ఈ యంత్రం ఖరీదైనది. రోజూ టన్నుల కొద్దీ సరుకు పడితేనే గిట్టుబాటవుతుంది. ఒక్క రైతుకు అది అందదు. పది ఊళ్ల రైతులు కలిస్తే ఆలోచించదగినదే.

హెచ్చరిక: ఇంటి ప్లగ్గుతో దీనిని ప్రయత్నించకండి. ప్రాణాపాయం! మీకు బీట్‌రూట్ ప్రయోగం చాలు.