నిపుణుడి కంటే ముందు వైద్యుడు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతానికి చెందిన తర్రెం పేరు 2021 ఏప్రిల్‌లో దేశమంతటా వినిపించింది. ఆ నెల 3వ తేదీన మావోయిస్టులతో జరిగిన ఎదురుకాల్పులలో 22 మంది భద్రతా సిబ్బంది మరణించారు. గాయపడినవారిని బీజాపూర్, రాయపూర్ ఆసుపత్రులకు తరలించవలసి వచ్చింది. అక్కడి గిరిజనులకు ఈ దూరాభారం నిత్యానుభవం. సరిహద్దు గ్రామాలవారు వైద్యానికి చర్ల, భద్రాచలం వైపు రావడమూ కద్దు.

మలేరియా, సికిల్‌సెల్ రక్తహీనత, పాముకాటు, కష్టకాన్పు... ఇటువంటిచోట అన్నింటినీ తొలిచూపులోనే గుర్తించగల సాధారణ వైద్యుడే ప్రధానం. స్పెషాలిటీ చదువుకు ముందు ఏడాదిపాటు సాధారణ వైద్య సేవ తప్పనిసరి చేయాలన్న వాదనకు మూలమిదే.

ఈ ప్రయత్నం కొత్తది కాదు. ఎం.బి.బి.ఎస్. విద్యార్థులకు ఏడాది గ్రామీణ సేవను 2007లో కేంద్రం ప్రతిపాదించగా విద్యార్థులు ఆందోళనకు దిగారు. పీజీ ప్రవేశానికి ఆ సేవను అర్హతగా చేయాలన్న 2013 నాటి యోచన కూడా ఆచరణకు నోచుకోలేదు. వైద్యుల కొరత తీర్చేందుకు ఛత్తీస్‌గఢ్ 2001లో మూడేళ్ల వైద్య కోర్సును ప్రవేశపెట్టి, కొన్నేళ్లకే నిలిపివేసింది. ఆ కోర్సు చదివినవారు గ్రామీణ వైద్య సహాయకులుగా నియమితులయ్యారు.

రాష్ట్రాలు విధించే నిర్బంధ సేవా బాండ్లు చెల్లుతాయని 2019 ఆగస్టు 19న జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు, జస్టిస్ హేమంత్ గుప్తాల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. దేశమంతటికీ ఏకరూప విధానాన్ని పరిశీలించాలనీ సూచించింది. 2020లో వెలువడిన జిల్లా రెసిడెన్సీ నిబంధన పీజీ విద్యార్థులను మూడు నెలలపాటు జిల్లా ఆసుపత్రులకు పంపుతోంది. అయితే అప్పటికే వారు ఏదో ఒక స్పెషాలిటీలో అడుగుపెట్టి ఉంటారు. పైగా జిల్లా ఆసుపత్రి తర్రెం వంటి గ్రామానికి చాలా దూరం.

విద్యార్థుల అభ్యంతరాలను తోసిపుచ్చడానికి వీల్లేదు. పర్యవేక్షించే సీనియర్లు, మందులు, ప్రయోగశాల, వసతి, భద్రత లేని కేంద్రంలో ఏడాది గడపడం శిక్ష అవుతుందే తప్ప శిక్షణ కాజాలదు. అనుభవం లేని వైద్యుణ్ణి ఒంటరిగా వదిలితే నష్టపోయేది రోగే.

సదుపాయాలు ఉన్నచోట ఫలితాలు కనిపించాయి. 2020 జనవరిలో ఆరంభమైన ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వెళ్లి, జ్వరం లేనివారికీ రక్తపరీక్షలు జరిపి చికిత్స అందించారు. ఇటువంటి బృందాలలో బోధకుని పర్యవేక్షణలో, గోండీ వంటి స్థానిక భాషతో పరిచయం పొందుతూ గడిపే ఏడాది యువవైద్యునికి ఏ వార్డూ నేర్పలేని పాఠం. దానిని బాండుగా కాక చదువులో భాగంగా గుర్తించి, తగిన వేతనం, మార్కులు ఇచ్చినప్పుడే విద్యార్థులకూ, గిరిజనులకూ న్యాయం జరుగుతుంది.