ఒకే టవరు, పలువురు పోటీదారులు

రేపల్లె దాటి నిజాంపట్నం రేవువైపు పోవు బాటసారికి ఎటు చూచినను చదునైన నేలయే. కొండ లేదు, గుట్ట లేదు. తాటితలలను మించి నిలిచిన ఇనుప టవర్లే అక్కడ ఎత్తైన వస్తువులు. అట్టి టవరు నొకదానిని సమీపించి చూచినచో, పైభాగమున పొడవైన పెట్టెలు రెండు మూడు వరుసలుగా కట్టియుండుట తరచు కనబడును. ఆ పెట్టెలే ఆంటెనాలు. ఒక్కొక్క వరుస ఒక్కొక్క కంపెనీది. బజారులో చందాదారుల కొరకు కలహించు కంపెనీలు ఊరి బయట ఒకే స్తంభముపై ఎట్లు కాపురముండుచున్నవి? ఇందుకు కొంత భౌతికశాస్త్రము, కొంత అర్థశాస్త్రము కారణములు.

ముందుగా ఎత్తు సంగతి. భూమి గుండ్రముగా నుండుటచే ఎత్తునుండి చూపు పోవు దూరమునకు ఒక మితి కలదు. మీటర్లలో ఎత్తునకు వర్గమూలము కట్టి, దానిని 3.57 చే గుణించినచో ఆ దూరము కిలోమీటర్లలో వచ్చును. 40 మీటర్ల టవరుకు ఇది సుమారు 22.6 కిలోమీటర్లు. అట్లయినచో రేపల్లె నుండి సముద్రము వరకు ఒక్క టవరు చాలునని విద్యార్థి తలచవచ్చును. చాలదు. టవరు మాట ఫోనుకు వినబడుట ఎంత అవసరమో, ఫోను మాట టవరుకు వినబడుటయు అంతే అవసరము. 4జి ఫోను ప్రసారశక్తి సాధారణముగా వాటులో అయిదవ వంతును మించదు. టవరు కేక వేయగలదు, ఫోను గొణుగును. కనుక పల్లెలలో సయితము కొన్ని కిలోమీటర్ల కొక టవరు నిలుపక తప్పదు.

తెనాలిలో చిక్కు వేరు. అక్కడ దూరము కాదు, జనము సమస్య. ప్రతి కంపెనీకి వేలములో దక్కిన పౌనఃపున్యముల పట్టీ పరిమితమైనది. ఒక టవరు పరిధిలోని వారందరు దానినే పంచుకొనవలెను. జనము హెచ్చినకొలది పరిధిని చిన్నదిగా కోసి, అవే పౌనఃపున్యములను మరల మరల వాడుదురు. పరిధికి ‘సెల్’ అను పేరు, దానినుండి ఫోనుకు సెల్‌ఫోను అను పేరు ఇట్లు వచ్చినవి. తెనాలి టవరుకు చేతినిండ పని. రేపల్లె పల్లెటవరుకు రోజులో చాల భాగము తీరికయే. ఇనుము, పునాది, బ్యాటరీలు, డీజిలు జనరేటరు అయిన ఖర్చు మాత్రము అంతగా తగ్గదు. పంపకమునకు అసలు కారణము ఇదే.

మన దేశమున టెలిఫోను రంగము 1994 విధానముతో ప్రైవేటు కంపెనీలకు తెరువబడెను. 1995 లో మొబైలు సేవ మొదలైనది. తొలి రోజులలో నిమిషమునకు 16 రూపాయల దాక వసూలు చేసెడివారు. వచ్చిన పిలుపునకు గూడ డబ్బు ఈయవలసి యుండెను! 1997 లో నియంత్రణ సంస్థ ‘ట్రాయ్’ ఏర్పడినది. 2002 అక్టోబరులో ప్రభుత్వ సంస్థ బి.ఎస్.ఎన్.ఎల్. మొబైలు సేవలోనికి దిగినది. 2003 లో వచ్చు పిలుపులు ఉచితమైనవి. పోటీ హెచ్చి ధరలు పడిపోయినవి. కాని ధర తగ్గినంత మాత్రాన టవరు ఖర్చు తగ్గునా? ఎవరి టవరు వారు పాతుకొనుట భారమైనందున 2007 లో భారతి, వొడాఫోన్ ఎస్సార్, ఐడియా కలిసి ఇండస్ టవర్స్ అను సంస్థను స్థాపించినవి. అదే కాలమున పల్లెలలో ప్రభుత్వ నిధి సాయముతో, ఒక్కొక్కటి ముగ్గురు పంచుకొను టవర్ల పథకము మొదలైనది. తుదకు 2008 లో ఇనుప స్తంభమునే గాక ప్రసార పరికరములను గూడ పంచుకొనుటకు అనుమతి లభించెను.

ఈ రెంటికి గల భేదము ముఖ్యమైనది. తెనాలి నుండి రేపల్లెకు ఆర్టీసీ బస్సు పోవును, ఆటోలు పోవును. ఎవరి రోడ్డు వారు వేసికొనరు. రోడ్డు ఒక్కటే అయినను పోటీకి లోపము లేదు. టవరు పంచుకొనుట ఇట్టిది. ప్రసార పరికరములను, పౌనఃపున్యములను గూడ పంచుకొన్నచో, ఒకే బస్సునకు రెండు బోర్డులు తగిలించినట్లగును. చార్జీలో తేడా ఉండవచ్చును గాని, బస్సు చెడినపుడు ఎక్కుటకు రెండవ బస్సు ఉండదు. పౌనఃపున్యముల పంపకమునకు 2015 లో నియమములు వెలువడినవి.

ఇంటి యజమాని ఎవరనునది మరియొక ప్రశ్న. ఇండస్‌ 2020 లో భారతి ఇన్‌ఫ్రాటెల్‌తో కలిసిపోయెను. 2024 లో ఎయిర్‌టెల్ వాటా సగమును దాటినది. వొడాఫోన్ ఐడియా ఆ టవర్లపై అద్దెకున్నది. అనగా పోటీదారునకే అద్దె చెల్లించుచున్నది. వివక్ష లేకుండ అందరికి ఈయవలెనన్న నియమము కలదు. దాని అమలును కనిపెట్టి యుండుట చిన్న పని కాదు. ఒకప్పుడు డజను వరకు ఉన్న కంపెనీలు, 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత రాలిపోయి, నేడు ముఖ్యముగా నాలుగు మిగిలినవి. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలును రెండు రోజుల వ్యవధిలో ధరలు పెంచినవి. దీనిని పోటీ లక్షణమని చెప్పుట కష్టము.

ఇక బాపట్ల. 2023 డిసెంబరు 5 న ‘మిచాంగ్’ తుఫాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. తుఫానులో టవరు కూలుట అరుదు, మూగవోవుట సామాన్యము. విద్యుత్తు పోవును. బ్యాటరీలు కొన్ని గంటలు కాచును. ఆపై జనరేటరుకు డీజిలు కావలెను, డీజిలు తెచ్చు దారి నీట మునిగియుండును. టవర్లను కలుపు గాజుపోగుల తీగ, అనగా ఆప్టికల్ ఫైబరు, చెట్లు కూలి తెగిపోవును. నాలుగు కంపెనీలకు నాలుగు టవర్లున్నచో ఏదో యొకటి బ్రతికి యుండవచ్చును. ఒకే టవరు, ఒకే జనరేటరు అయినచో అందరును ఒక్కసారిగా మూగవోదురు. మామూలు రోజులలో పంపకము మిగిల్చిన డబ్బు తుఫాను నాడు ఈ విధముగా ఖర్చగుచున్నది. సముద్రతీర మండలములలో టవర్లను పంచుకొననిండు, కాని డీజిలు నిలువ, ఎత్తైన అరుగు, రెండు దారుల ఫైబరు తప్పనిసరి చేయవలెను. మిగిలిన డబ్బులో కొంత అక్కడికే పోవుట న్యాయము.

విపత్తులో పనికివచ్చు పంపకము కూడ ఒకటి కలదు. 2020 మే నెలలో ఆంఫాన్ తుఫాను బెంగాలును తాకినపుడు, ఒక కంపెనీ చందాదారులు మరొక కంపెనీ టవరుపై మాటలాడుటకు తాత్కాలికముగా ఏర్పాటు చేసిరి. ప్రభుత్వ నిధితో కట్టిన 4జి టవర్లపై 2025 జనవరి నుండి ఇట్టి ఏర్పాటు మామూలు రోజులకును విస్తరించినది. దీని బీజము ప్రతి ఫోనులోను ముందునుండియే ఉన్నది. సొంత కంపెనీ సంకేతము అందనిచోట ఒక్కొక్కప్పుడు తెరపై ‘అత్యవసర పిలుపులు మాత్రమే’ అని కనబడును. సొంత టవరు వినబడుట లేదు, పరాయి కంపెనీ టవరు వినబడుచున్నదని దాని అర్థము. అప్పుడు 112 నొక్కినచో ఆ టవరు, చందాదారు ఎవరివాడని అడుగక, పిలుపును అందుకొనును.