కోరిన గుణము గల పదార్థము

పూర్వము కమ్మరి లోహమును ముందు కరగించి దాని గుణమును పిదప తెలిసికొనెడివాడు. ఇప్పుడు గుణమును ముందు చెప్పి, అందుకు తగిన పదార్థమును కల్పింపుమని యంత్రమును అడుగుచున్నారు. మైక్రోసాఫ్టు కంపెనీవారి మాటర్‌జెన్ అట్టి సాధనము. దానిని గూర్చిన వ్యాసము 2025 జనవరిలో నేచర్ పత్రికయందు వెలువడినది.

దాని విద్యాభ్యాసము చిత్రమైనది. ఆరు లక్షలకు పైబడిన స్ఫటికముల నిర్మాణములను దానికి చూపిరి. ఒక్కొక్క స్ఫటికమునందలి పరమాణువుల జాతిని, స్థానమును, అవి యమరియున్న చట్రమును కొంచెము కొంచెముగా చెదరగొట్టి, చెదరినదానిని మరల కూర్చుట నేర్పిరి. ఆ విద్య యబ్బిన పిదప యంత్రము వట్టి గందరగోళమునుండియే యారంభించి, అడిగిన గుణమువైపునకు దిద్దుకొనుచు, ఒక స్ఫటికమును నిలుపును.

నలుదెసల నొత్తినను కుదించుకొనిపోకుండు బలమును శాస్త్రజ్ఞులు బల్కు మాడ్యులసు అందురు. అది 200 గిగాపాస్కలు లుండవలెనని కోరగా, యంత్రము టాంటలము, క్రోమియము, ఆమ్లజని కలిసిన పదార్థము నొకదానిని సూచించినది. చీనాలోని షెన్‌జెన్ పరిశోధకులు దానిని తయారుచేసి కొలువగా 169 వచ్చినది. ఉక్కున కీ బలము సుమారు 160. అంతమాత్రమున ఈ పదార్థముతో నాగటికర్రులు చేయవచ్చునని పాఠకులు తలపరాదు. కుదించుకొనకుండుట వేరు, విరుగకుండుట వేరు. కోరినదానికంటె నూటికి పదునైదుపాళ్లు తగ్గినను, తొలి ప్రయత్నమునకు ఇది చులకన చేయదగినది కాదని మా యభిప్రాయము.

వివాద మంతయు క్రొత్తదనమును గూర్చి. టాంటలము, క్రోమియము వేర్వేరు స్థానములలో క్రమముగా నుండునని యంత్రము గీచినది. కొలిమినుండి వచ్చినదానిలో అవి కలగాపులగముగా నుండెను. ఈ సంగతిని కర్తలే తమ వ్యాసమున నొప్పుకొనిరి. అట్లు కలిసియున్న పదార్థము 1972లోనే ప్రకటితమైనదనియు, యంత్రము చదివిన పాఠములలోనే అది చేరియున్నదనియు పిమ్మట నొక విమర్శ వెలువడినది. ఇది యంత్రమున కపకీర్తి యని మేము భావింపము. చదివినదానిని వేరురూపమున నప్పగించుట మన విద్యార్థులకును తెలిసిన విద్యయే. కాని క్రొత్తదని చాటుటకు ముందు పాత సంచికలను తిరుగవేయు భారము మనుష్యులది. ఏబదియేండ్లనాటి ఫలితమునకు పేరు పెట్టకపోవుట, ఆనాడు కొలిమికడ నిలిచినవారికి చేసిన అన్యాయము.

ఈ సాధనమును కంపెనీవారు ఎల్లరకు ఉచితముగా విడుదల చేసిరి. ఇది వేలకొలది రూపములను గీయగలదు. షెన్‌జెన్‌లో కాల్చి కొలిచినది వానిలో నొక్కటి.