సున్నం ఎటు పోతుంది?

కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ 1978లో బెంగళూరు శివార్లలోని కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల దగ్గర 332 ఎకరాల్లో ఎలక్ట్రానిక్ సిటీకి శ్రీకారం చుట్టింది. ఇప్పుడక్కడ ఎన్నో అపార్టుమెంట్లు రాతి పగుళ్లలోంచి తోడిన బోరు నీళ్ల మీద, ట్యాంకర్ల మీద బతుకుతున్నాయి. కాఠిన్యం (కరిగిన సున్నం) ఎక్కువైన ఆ నీళ్లలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, సబ్బు నురగ కట్టదు, గీజరు కాయిల్‌కు తెల్లటి పెచ్చు పడుతుంది. దాంతో సంపు పక్కన వాటర్ సాఫ్ట్‌నర్ వెలుస్తుంది. అది సున్నాన్ని మాయం చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది చేసేది మారకం. ఆ మారకానికి అయ్యే ఖర్చెంతో తెలిస్తే ఈ యంత్రాన్ని ఇంకాస్త పొదుపుగా వాడతాం.

ఈ మారకం మట్టి చేసే పనే. 1850లో ఇంగ్లండులో థాంప్సన్, వే అనేవాళ్లు అమ్మోనియా మట్టిలో నిలిచిపోయి, బదులుగా కాల్షియం బయటికి రావడం గమనించారు. 20వ శతాబ్దం మొదట్లో జర్మనీ రసాయనవేత్త రాబర్ట్ గాన్స్ కృత్రిమ జియోలైట్‌తో ఇదే పని నీటికి చేయించాడు. 1935లో ఆడమ్స్, హోమ్స్ తొలి కృత్రిమ రెజిన్లు తయారుచేశారు. ఇవాళ్టి సిలిండరులో ఉండేవి ఆవగింజకన్నా సన్నటి పాలిస్టైరీన్ పూసలు. ఒక్కో కాల్షియం అయానును పట్టుకుని రెండు సోడియం అయాన్లను వదులుతాయి. సోడియం అయిపోయాక చిక్కటి ఉప్పునీళ్లు పంపితే పట్టుకున్న కాల్షియాన్ని విడిచి మళ్లీ సిద్ధమవుతాయి. ఆ కాల్షియం, మిగిలిన ఉప్పుతో కలిసి కాలువలోకి పోతుంది. కాల్షియం కార్బొనేటు లెక్కన లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉందనుకుంటే, 10,000 లీటర్ల ట్యాంకరుకు కాగితం లెక్కలోనే దాదాపు 6 కిలోల ఉప్పు కావాలి. వాడకంలో ఇంకా ఎక్కువే పడుతుంది.

"మీటరు పెట్టి చూస్తే టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) తగ్గలేదు, మిషను మోసం" అనే ఫిర్యాదు తరచూ వినపడుతుంది. తగ్గదు మరి! ఆ కాఠిన్యమంతా కాల్షియమే అయితే లీటరుకు 200 మిల్లీగ్రాముల కాల్షియం పోయి 230 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. రక్తపోటు ఉన్నవాళ్లు తాగే నీటికి వేరే కుళాయి ఉంచుకోవడం అందుకే మంచిది. ఇక "ఒక భవనం ఉప్పు ఎంతలే" అనే వాదన. అపార్టుమెంటులోని మురుగునీటి శుద్ధి కేంద్రం (ఎస్‌టీపీ) మురుగును శుభ్రం చేస్తుంది కానీ కరిగిన ఉప్పును పట్టలేదు. ఆ నీళ్లే తోటకు పెడితే సోడియం పేరుకుని బంకమట్టి గట్టిపడుతుంది. అలాగని సాఫ్ట్‌నర్ వద్దనడం పెచ్చు కట్టిన గీజరుకు జవాబు కాదు. కాఠిన్యాన్ని సున్నాకు దించాల్సిన పనీ లేదు. తాగునీటికి భారతీయ ప్రమాణం చెప్పే ఆమోదయోగ్య హద్దే లీటరుకు 200 మిల్లీగ్రాములు. ట్యాంకరులో 3,000 లీటర్లు పక్కదారి వాల్వు గుండా నేరుగా వదిలి, 7,000 మాత్రమే రెజిన్ మీదుగా పంపితే కలిసిన నీళ్ల కాఠిన్యం 150 దగ్గర నిలుస్తుంది. ఉప్పు ఖర్చు 30 శాతం తగ్గుతుంది.